పుస్తకంలోని డీఎన్1–డీఎన్4 మెట్లు ఎలుకవి: మనిషి థైమస్‌లో టీ కణం ఎలా తయారవుతుందంటే

మీరు అడిగింది ఇది. ఎమ్మెస్సీ పుస్తకంలో టీ కణాల (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎదుగుదలని డీఎన్1, డీఎన్2, డీఎన్3, డీఎన్4 అని నాలుగు మెట్లుగా చదివారు (డీఎన్ అంటే డబుల్ నెగటివ్, సీడీ4, సీడీ8 అనే రెండు గుర్తులూ లేని కణం). కణం పైనుండే సీడీ44, సీడీ25 అనే రెండు ప్రోటీన్ గుర్తులు చూస్తే ఏ కణం ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుందని అందులో ఉంది. తీరా ప్రాజెక్టు కోసం ల్యాబ్‌కి వెళ్తే అక్కడి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తుల్ని ఒక్కో కణంలో కొలిచే పరీక్ష) రిపోర్టుల్లో సీడీ34, సీడీ7, సీడీ5, సీడీ1ఏ అని ఉన్నాయి. రెండింటినీ ఎలా కలుపుకోవాలి, మూలకణం నుంచి టీ కణం దాకా మనిషిలో అసలు ఏం జరుగుతుంది, పెద్దయ్యాక థైమస్‌తో (టీ కణాలు తయారయ్యే ఛాతీలోని గ్రంథి) పనుందా అని మూడు ప్రశ్నలు.

మొదటిదానికి సూటిగా చెప్తాను: కలపడానికి కష్టపడకండి. ఆ నాలుగు మెట్లూ ఎలుక థైమస్‌లో చూసి రాసినవి. ఎలుకలో కావలసిన జన్యువుని తీసేసి ఏమవుతుందో చూడొచ్చు కాబట్టి పాఠ్యపుస్తకాల్లో బొమ్మలన్నీ ఎలుకవే వచ్చి కూర్చున్నాయి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసినా ఎవరూ చదవరు. స్థూలంగా దారి ఒకటే. వివరాల్లోకి దిగితే మాత్రం చాలా చోట్ల మనిషి దారి వేరు, రిపోర్టు చదివేటప్పుడు సరిగ్గా ఆ తేడాలే అడ్డం తగులుతాయి.

మనిషి గురించి గట్టిగా తెలిసినదాంట్లో ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, గుండె ఆపరేషన్లో సర్జన్‌కి దారి కోసం పసిపిల్లల ఛాతీలోంచి తీసే థైమస్ ముక్కలు. రెండోది, ఏదో ఒక జన్యువు చెడి టీ కణాలు లేకుండా పుట్టిన పిల్లలు. ఏ జన్యువు చెడితే ఏ కణం ఆగిపోయిందో చూస్తూ వెళ్తే దారంతా దానంతట అదే గుర్తుంటుంది. నేను పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాగే చెప్తాను, పట్టిక బట్టీ పట్టించను.

టీ కణం మొదలయ్యేది ఎముక మజ్జలో (పుట్టకముందైతే పిండం కాలేయంలో), తయారయ్యేది థైమస్‌లో. తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లకి ఇది బాలగ్రంథి. గుండెకి పైన, ఛాతీ ఎముక వెనక ఉంటుంది. పసిపిల్లల ఎక్స్‌రేలో గుండె పక్కన కనిపించే నీడ ఇదే. 20వ శతాబ్దం మొదటి సగంలో ఆ నీడ చూసి థైమస్ వాచిందని భ్రమపడి అమెరికాలో ఎంతోమంది పసివాళ్లకి రేడియేషన్ ఇచ్చారు. తర్వాత వాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా బయటపడ్డాయి. అసలు ఆ అవయవం ఏం చేస్తుందో 1961 దాకా తేలలేదు. ఆ ఏడాది లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల థైమస్ తీసేసి చూశాడు. వాటిలో లింఫోసైట్లు (టీ, బీ, ఎన్‌కే కణాలుండే తెల్ల రక్తకణాల జాతి) తగ్గిపోయాయి, వేరే ఎలుక చర్మం అతికించినా వాటి ఒంటికి తిప్పికొట్టడం చేతకాలేదు.

మొదటి పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఎలుక పిల్ల పుట్టేనాటికి థైమస్ బయట టీ కణాలు దాదాపు ఉండవు, అందుకే మిల్లర్ ప్రయోగం అంత స్పష్టంగా వచ్చింది. మనిషి పిండంలో 8వ వారం ప్రాంతంలోనే పూర్వగామి కణాలు థైమస్‌కి చేరతాయి. బిడ్డ పుట్టేనాటికి రక్తం నిండా టీ కణాలుంటాయి. కాబట్టి పుట్టిన కొద్ది రోజులకే గుండె ఆపరేషన్లో థైమస్ పోగొట్టుకున్న పిల్లలు ఆ ఎలుకల్లా కూలిపోరు. వాళ్ల రక్తంలో కొత్త టీ కణాలు తక్కువగా ఉంటాయి, ఆ లోటు ఏళ్ల తరబడి పరీక్షల్లో కనిపిస్తూనే ఉంటుంది. అయినా చాలామంది మామూలుగానే పెరుగుతారు.

ఇక థైమస్‌లో అడుగుపెట్టిన కణం సంగతి. దాని మీద సీడీ34 ఉంటుంది. అలాంటివి థైమస్‌లో నూటికి ఒకటి, అటూ ఇటూ. వచ్చిన కొత్తలో అది ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఎన్‌కే కణమూ (వైరస్ సోకిన కణాల్ని చంపేది) కాగలదు, డెండ్రైటిక్ కణమూ (క్రిముల ముక్కల్ని టీ కణాలకి చూపించేది) కాగలదు, మైలాయిడ్ వైపూ (న్యూట్రోఫిల్, మోనోసైట్ లాంటి కణాల జాతి) పోగలదు. థైమస్ ఎపిథీలియల్ కణాల (ఆ గ్రంథికి చట్రంలా ఉండే కణాలు) మీదున్న డీఎల్ఎల్4 అనే ప్రోటీన్ ఈ కొత్త కణం మీది నాచ్1 రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. ఆ సంకేతంతో లోపల టీసీఎఫ్7, గాటా3, బీసీఎల్11బీ జన్యువులు పనిలోకి వస్తాయి. ముందు బీ కణం (యాంటీబాడీలు తయారు చేసేది) దారి మూసుకుపోతుంది, ఎన్‌కే, డెండ్రైటిక్ దారులు ఇంకొంత కాలం తెరిచే ఉంటాయి. పైకి కనిపించే మార్పు ఇది: సీడీ34తో పాటు సీడీ7 బలంగా వస్తుంది, తర్వాత సీడీ5, తర్వాత సీడీ1ఏ. సీడీ1ఏ వచ్చిందంటే ఇక వెనక్కి పోవడం లేదు, అది టీ కణమే అవుతుంది. మీ రిపోర్టులో ఆ నాలుగు గుర్తులూ ఆ వరుసలో ఉండడానికి కారణం ఇదే.

నాచ్ గురించి ఇంకో మాట. రిసెప్టర్‌లోని గొలుసుల్ని బట్టి టీ కణాలు ఆల్ఫా-బీటా, గామా-డెల్టా అని రెండు రకాలు. ఎలుక పుస్తకం చదివినవాళ్లు నాచ్ ఎంత బలంగా ఉంటే ఆల్ఫా-బీటా టీ కణాలకి అంత మంచిదనుకుంటారు. మనిషిలో దాదాపు తలకిందులు. దారి ఖాయమయ్యాక నాచ్ సంకేతం తగ్గితే కణం ఆల్ఫా-బీటా వైపు, బలంగా కొనసాగితే గామా-డెల్టా వైపు మొగ్గుతుంది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగితే చాలామంది ఎలుక జవాబే చెప్తారు.

ఈ తొలి దశలు పనికొచ్చే చోటు లుకేమియా రిపోర్టు. టీ-ఏఎల్ఎల్ (టీ కణాల అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అంటే ఈ దారిలో ఎక్కడో ఆగిపోయి, అక్కడే గుంపుగా పెరిగిపోయిన కణాలు. ఒక రిపోర్టులో కణం లోపల సీడీ3 (టీ కణం రిసెప్టర్‌కి తోడుండే ప్రోటీన్) ఉంది, సీడీ7 ఉంది, సీడీ1ఏ లేదు, సీడీ8 లేదు, సీడీ5 చాలా తక్కువ, పైగా సీడీ34, సీడీ117, సీడీ13, సీడీ33లలో ఒకటో రెండో కనిపిస్తున్నాయి అనుకోండి. అది థైమస్‌లోకి అప్పుడే వచ్చిన, ఇంకా మైలాయిడ్ లక్షణాలు వదలని కణం రూపం. దీన్ని ఈటీపీ-ఏఎల్ఎల్ (ఎర్లీ టీ-సెల్ ప్రికర్సర్ ఏఎల్ఎల్) అంటారు. అమెరికాలోని సెయింట్ జూడ్ హాస్పిటల్ బృందం 2009లో విడిగా గుర్తించింది. ఇంకో రిపోర్టులో సీడీ1ఏ ఉంది, సీడీ4, సీడీ8 రెండూ ఉన్నాయంటే ఆగింది థైమస్ కార్టెక్స్ (బయటి పొర) దశలో. రెండూ టీ-ఏఎల్ఎల్లే, ఆగిన చోటు వేరు, మందుకి స్పందించే తీరూ వేరు. టీ-ఏఎల్ఎల్ కేసుల్లో సగానికి పైగా నాచ్1 జన్యువులోనే మార్పులుంటాయని 2004లో తేలింది. దారి మొదలుపెట్టిన సంకేతం ఆగకుండా మోగుతూ ఉంటే జరిగేది అదే.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. థైమస్‌లోని పూర్వగామి కణం బతకాలన్నా, సంఖ్య పెరగాలన్నా ఐఎల్-7 అనే సైటోకైన్ (కణాల మధ్య సంకేతం మోసే ప్రోటీన్) కావాలి. దాని రిసెప్టర్‌కి రెండు భాగాలు. ఐఎల్-7ఆర్ ఆల్ఫా దానికి సొంతం. గామా గొలుసు మాత్రం (ఇది గామా-డెల్టా టీ కణంలోని గామా కాదు) ఐఎల్-2, ఐఎల్-15 లాంటి ఇంకొన్నిటితో పంచుకున్నది. ఈ గామా గొలుసు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది చెడిన మగపిల్లల్లో టీ కణాలూ ఉండవు, ఐఎల్-15 మీద ఆధారపడే ఎన్‌కే కణాలూ ఉండవు. బీ కణాలు మాత్రం లెక్కకి ఉంటాయి. టెక్సస్‌లో ప్లాస్టిక్ గదిలో పెరిగి 1984లో 12 ఏళ్లకే చనిపోయిన డేవిడ్ వెటర్‌కి ఉన్న జబ్బు ఇదే. జన్యువు ఏదో 1993లో తెలిసింది. ఐఎల్-7ఆర్ ఆల్ఫా ఒక్కటే చెడితే టీ కణాలు మాత్రమే పోతాయి, బీ, ఎన్‌కే రెండూ ఉంటాయి. ఎలుకలో అదే జన్యువు తీసేస్తే బీ కణాలు కూడా బాగా పడిపోతాయి. మనిషి బీ కణానికి ఐఎల్-7 లేకపోయినా గడుస్తుందని మనకి చెప్పింది ఈ పిల్లలే, ఎలుక కాదు.

ఈ జబ్బులన్నిటినీ కలిపి స్కిడ్ (సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషెన్సీ) అంటారు. ఫ్లో ఫలితాన్ని టీ, బీ, ఎన్‌కే అని మూడు గడుల్లో రాసుకుంటే సగం రోగనిర్ధారణ అయిపోతుంది. టీ లేదు, బీ ఉంది, ఎన్‌కే లేదు: గామా గొలుసు, లేదా దాని కిందే పనిచేసే జాక్3. టీ లేదు, బీ లేదు, ఎన్‌కే ఉంది: రాగ్ జన్యువుల వైపు చూడాలి. మూడూ లేవు: ఏడీఏ ఎంజైమ్ లోపం కావచ్చు, అందులో పేరుకునే పదార్థాలు లింఫోసైట్లని విషమై చంపేస్తాయి. ఆటోసోమల్ రిసెసివ్ రకాలు (అమ్మానాన్న ఇద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే వచ్చేవి) మేనరికాలున్న కుటుంబాల్లో ఎక్కువగా వస్తాయి కాబట్టి మన తెలుగు జిల్లాల్లో కుటుంబ చరిత్ర అడగడం మర్యాదకి కాదు, అవసరానికి. ఇంట్లో ఇంతకుముందు ఒక బిడ్డ నెలల వయసులోనే ఇన్‌ఫెక్షన్లతో పోయి ఉంటే, కొత్త బిడ్డకి బీసీజీ వేయకముందే పిల్లల డాక్టర్‌కి ఆ మాట చెప్పాలి. బీసీజీలో ఉండేది బతికున్న బ్యాక్టీరియా. టీ కణాలు లేని బిడ్డలో అది ఒళ్లంతా పాకుతుంది.

రాగ్ అంటే ఏమిటో చెప్పకుండా ముందుకు పోలేం. ప్రతి టీ కణానికీ తనదైన రిసెప్టర్ ఉండాలి. అంతంత రకాలకి విడివిడిగా జన్యువులుండవు. ఉన్న ముక్కల్నే రాగ్1, రాగ్2 ఎంజైములు కత్తిరించి కొత్త కొత్త జతలుగా అతికిస్తాయి. మనిషిలో వరుస ఇది: ముందు డెల్టా, తర్వాత గామా, తర్వాత బీటా, చివర ఆల్ఫా. బీటా గొలుసు సరిగ్గా కుదిరితే అది ప్రీ-టీ ఆల్ఫా అనే తాత్కాలిక జోడీతో పైకొచ్చి, సీడీ3 గొలుసుల సాయంతో లోపలికి సంకేతం పంపుతుంది. సంకేతం అందిన కణం విపరీతంగా విభజన చెందుతుంది. అందనిది చచ్చిపోతుంది. ఎలుకలో ఈ పరీక్ష డీఎన్3 మెట్టు దగ్గర జరిగిపోతుంది. మనిషిలో సీడీ34, సీడీ1ఏ రెండూ ఉన్న దశలో మొదలై, సీడీ4 ఒక్కటే వచ్చిన దశ మీదుగా, సీడీ4, సీడీ8 రెండూ ఉన్న తొలి కణాల దాకా పరుచుకుని ఉంటుంది. మధ్యలోని ఆ ఒంటి గుర్తు దశ కూడా ఎలుకలో సీడీ8తో వస్తుంది, మనిషిలో సీడీ4తో. సీడీ4 ఉండి సీడీ3 పైన లేని కణాలు థైమస్ శాంపిల్లో కనిపిస్తే అవి ముదిరిన హెల్పర్ కణాలు కావు, పసివి.

డెల్టా జన్యువు ఉండేది ఆల్ఫా జన్యువు మధ్యలోనే. కాబట్టి ఆల్ఫా ముక్కలు అతకాలంటే ముందు డెల్టా భాగాన్ని కోసి పారేయాలి. దర్జీ దగ్గర జాకెట్టు కుట్టగా మిగిలిన పీలికలాగా, ఆ కోసిన డీఎన్ఏ ముక్క చిన్న గుండ్రటి ఉంగరమై కణంలోనే ఉండిపోతుంది. దాని పేరు ట్రెక్. కణం విభజన చెందినా ఈ ఉంగరం రెట్టింపు కాదు, పిల్ల కణాల్లో ఏదో ఒకదానికే పోతుంది. అంటే రక్తంలో ట్రెక్‌లు బాగా ఉన్నాయంటే థైమస్ నుంచి కొత్తగా టీ కణాలు వస్తున్నట్టే. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్క చాలు దీన్ని కొలవడానికి. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష మొదలుపెట్టింది, 2018 చివరికి అక్కడి రాష్ట్రాలన్నీ చేస్తున్నాయి. మన దగ్గర ఇంకా దేశమంతటా లేదు. అందుకే ఇక్కడ మామూలు సీబీసీయే మొదటి ఆధారం. నెలల బిడ్డలో లింఫోసైట్ల సంఖ్య మైక్రోలీటరుకి 2,500 కంటే తక్కువుంటే ఇన్‌ఫెక్షన్ వల్లలే అని వదిలేయకుండా మళ్లీ చూడాలి. పెద్దవాళ్ల నార్మల్ పట్టీతో పోల్చి సరిపోయిందనుకోవడం నేను చాలాసార్లు చూశాను. పసివాళ్ల లెక్క వేరు.

ఆల్ఫా, బీటా రెండూ కుదిరాక కణం మీద సీడీ4, సీడీ8 రెండూ ఉంటాయి. పసిపిల్లల థైమస్‌లో ఎక్కువ భాగం ఇవే, ఇంచుమించు నూటికి 80. ఇక్కడ అసలు వడపోత. కార్టెక్స్‌లోని ఎపిథీలియల్ కణాలు ఒంటి సొంత ప్రోటీన్ ముక్కల్ని హెచ్ఎల్ఏ (ముక్కల్ని పట్టుకుని చూపే పళ్లెంలాంటి ప్రోటీన్) మీద పెట్టి చూపిస్తాయి. ఆ హెచ్ఎల్ఏని కొద్దిగానైనా గుర్తుపట్టలేని రిసెప్టర్ ఉన్న కణానికి బతికే సంకేతం అందదు, నిశ్శబ్దంగా చచ్చిపోతుంది. ఎక్కువ కణాలు పోయేది ఇక్కడే. హెచ్ఎల్ఏ క్లాస్-2ని పట్టుకున్నవి థ్‌పాక్ జన్యువుతో సీడీ4 కణాలవుతాయి (హెల్పర్లు), క్లాస్-1ని పట్టుకున్నవి రంక్స్3తో సీడీ8 కణాలవుతాయి (వ్యాధి సోకిన కణాల్ని చంపేవి). ఇక్కడా పిల్లలే సాక్ష్యం: క్లాస్-2 లేకుండా పుట్టిన పిల్లల్లో సీడీ4 కణాలు తగ్గిపోతాయి. జాప్70 అనే ఎంజైమ్ లేని పిల్లల్లో సీడీ8 కణాలు కనపడవు, సీడీ4 కణాలు రక్తంలో ఉంటాయి గానీ పనిచేయవు. ఎలుకలో జాప్70 తీసేస్తే రెండూ ఉండవు. ఈ జాప్70 పిల్లల్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మొత్తం లింఫోసైట్ల లెక్క మామూలుగానే ఉంటుంది, ట్రెక్ పరీక్షలోనూ తప్పించుకోవచ్చు.

మిగిలిన కణాలు సీసీఆర్7 అనే రిసెప్టర్ సాయంతో మెడుల్లాకి (థైమస్ లోపలి భాగం) వెళ్తాయి. అక్కడ రెండో వడపోత తిరగేసి ఉంటుంది: సొంత ప్రోటీన్‌ని మరీ గట్టిగా పట్టుకున్న కణం చావాలి, లేదంటే ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్ తెచ్చుకుని రెగ్యులేటరీ కణంగా (మిగతా టీ కణాల్ని అదుపులో పెట్టేది) మారాలి. థైమస్‌లో ఇన్సులిన్ ఎలా ఉంటుంది, థైరాయిడ్ ప్రోటీన్ ఎలా ఉంటుంది అని అడగొచ్చు. అక్కడి ఎపిథీలియల్ కణాల్లోని ఎయిర్ అనే ప్రోటీన్ ఒంట్లో వేరే అవయవాల్లో మాత్రమే తయారయ్యే వేల ప్రోటీన్లని అక్కడే కొద్దికొద్దిగా తయారు చేయిస్తుంది. ఆ జన్యువుని 1997లో కనిపెట్టారు. అది చెడిన వాళ్లలో పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల మీద సొంత ఒళ్లే దాడి చేస్తుంది, నోట్లో, గోళ్లలో క్యాండిడా ఫంగస్ వదలదు.

ఇంతవరకూ చెప్పిందంతా కణం వైపు లోపాలు. అసలు థైమసే లేకపోతే? 22వ క్రోమోజోమ్‌లో ముక్క పోయిన డీజార్జ్ సిండ్రోమ్ పిల్లల్లో కొద్దిమందికి థైమస్ బొత్తిగా ఏర్పడదు. ఫాక్స్ఎన్1 జన్యువు చెడిన పిల్లల్లో ఎపిథీలియల్ కణాలు ముదరవు, ఒంటి మీద వెంట్రుకలూ ఉండవు. వీళ్ల మూలకణాలు బాగానే ఉంటాయి, వాటిని తయారు చేసే చోటే లేదు. అందుకే ఎముక మజ్జ మార్పిడి వీళ్లకి సరైన మందు కాదు. గుండె ఆపరేషన్లో వేరే బిడ్డ నుంచి తీసిన థైమస్‌ని పల్చటి ముక్కలుగా కోసి, కొన్ని రోజులు కల్చర్‌లో ఉంచి, తొడ కండలో పెడతారు. 2021 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. బిడ్డ సొంత పూర్వగామి కణాలు తొడలోకి వెళ్లి అక్కడ టీ కణాలవుతాయి. రక్తంలో కనిపించడానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది, ఆలోగా ఇన్‌ఫెక్షన్లు రాకుండా కాపాడుకోవడమే పెద్ద టెన్షన్.

ల్యాబ్‌లో మీకు ఇదంతా ఒకే తెర మీద చూడాలనుంటే థైమోమా శాంపిల్ వచ్చినప్పుడు సీడీ3, సీడీ4 ప్లాట్ చూపించమని అడగండి. థైమోమాలో గడ్డ ఎపిథీలియల్ కణాలది, మధ్యలో ఉన్న లింఫోసైట్లు మామూలు థైమస్ కణాలే. కాబట్టి సీడీ3 సున్నా దగ్గర నుంచి నిండుగా ఉన్నదాకా చుక్కలన్నీ తెగకుండా పాకినట్టు ఉంటాయి: ఒక్కో చుక్క ఒక్కో దశలో ఉన్న కణం. లింఫోబ్లాస్టిక్ లింఫోమా (టీ-ఏఎల్ఎల్ లాంటి కణాలే గడ్డగా పెరిగే క్యాన్సర్) అయితే చుక్కలన్నీ ఒకేచోట ముద్దగా పడతాయి, అందరూ ఒకే దశలో ఆగిపోయారు కనక. ఛాతీలో గడ్డ ఉన్న కుర్రాడి నీడిల్ బయాప్సీలో ఈ తేడా కనిపెట్టకపోతే క్యాన్సర్ కాని కణాలకి కీమో ఇచ్చే ప్రమాదం ఉంది.

చివరి ప్రశ్న, పెద్దయ్యాక థైమస్ సంగతి. చిన్నప్పటి నుంచే థైమస్‌లో కొవ్వు చేరడం మొదలవుతుంది, నడివయసుకి ఎక్కువ భాగం కొవ్వే. ఎలుకలో కొత్త టీ కణాలు జీవితాంతం ప్రధానంగా థైమస్ నుంచే వస్తాయి. పెద్ద మనిషిలో మాత్రం ఉన్న నైవ్ (ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని) టీ కణాలే బయట నెమ్మదిగా విభజన చెందుతూ లోటు పూడ్చుకుంటాయి. దీన్నిబట్టి పెద్దవాళ్లకి థైమస్ దండగ అని చాలాకాలం అనుకున్నారు. 2023లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు థైమస్ తీసేయించుకున్న పెద్దవాళ్లని, ఛాతీ ఆపరేషనే అయినా థైమస్ ఉంచుకున్నవాళ్లతో పోల్చి చూశారు: ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం, 2.8 శాతం. క్యాన్సర్లూ ఎక్కువే. జనరల్ జనాభాతో పోల్చినప్పుడు కూడా మరణాల్లో తేడా నిలబడింది. పాత రికార్డులు తిరగేసి చేసిన లెక్క కాబట్టి థైమస్ తీయడమే కారణమని తేల్చేయలేం. వేరే ఆపరేషన్లో దారికి అడ్డం వచ్చిందని అలవాటుగా తీసేయకండని సర్జన్లకి చెప్పడానికి మాత్రం చాలు. మయస్థీనియా (కండరాలు త్వరగా నీరసించే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉండి థైమస్ తీయించుకోమని న్యూరాలజిస్ట్ చెప్పినవాళ్లు ఈ అంకెలు చూసి వెనకాడాల్సిన పనిలేదు. ఆ జబ్బులో తీయిస్తే కండరాల బలం మెరుగుపడుతుందని, స్టెరాయిడ్ మోతాదు తగ్గుతుందని 2016లో పద్ధతిగా జరిగిన ట్రయల్‌లోనే తేలింది.